మెడ బెల్టా, బాడీ బెల్టా?

పోయిన నెల ఇదే శీర్షికలో కుక్కల దగ్గు గురించి రాస్తూ చివర ఒక మాట అన్నాను: "మందు మొదలుపెట్టే ముందు మెడ బెల్టు తీసి బాడీ బెల్టు వేసి చూడండి" అని. ఆ ఒక్క మాటకు వచ్చినన్ని జాబులు, పశువుల గొంతువాపు మీద రెండు పేజీలు రాసినప్పుడు కూడా రాలేదు. పల్లెల్లో ఎద్దులు తగ్గినాయి, టౌన్లలో కుక్కలు పెరిగినాయి. ఏం చేస్తాం.

పశువుల డాక్టరుగా సర్వీసులో ఉన్నన్నాళ్ళూ నేను ఎక్కువగా చూసింది ఎద్దుల్నీ గొర్రెల్నీ. ఉరవకొండ, కళ్యాణదుర్గం పక్క పల్లెల్లో తొలకరి పడి సేద్యం మొదలైతే చాలు, కాడి రాపిడికి మెడ మీద పుండ్లు పడిన ఎద్దులు ఆస్పత్రి ముందర వరసగా నిలబడేవి. రైతు "ఎద్దు సోమరిది సార్, కాడి కిందికి రాదు" అనేవాడు. చూస్తే ఎద్దు తప్పేమీ ఉండేది కాదు, కాడి కూర్చోవాల్సిన చోట కూర్చోలేదు. అదే కండ్లతో ఇప్పుడు కుక్కల బెల్టులు చూస్తున్నా. మెడకు బదులు రొమ్ముకు తొడిగేదానికి పెట్టె మీద "హార్నెస్" అని రాసి ఉంటాది గానీ, మన షాపుల్లో బాడీ బెల్టు అంటేనే ఇస్తారు. నేనూ అట్లే రాస్తా.

ప్రశ్న: డాక్టరు గారూ, మా పగ్ పేరు బుజ్జి. మూడేండ్లు, 11 కిలోలు. మెడ బెల్టుతో బయటికి తీసుకుపోతే బాతు అరిచినట్లు దగ్గుతాది. మీ జాబు చదివి షాపుకు పోతే మూడు రకాలు ముందర పెట్టినారు: 350, 800, 1500. జాకెట్టు మాదిరి మందంగా ఉండే 1500ది చాలా బాగుందన్నారు. మా అబ్బాయేమో బాడీ బెల్టు వేస్తే కుక్క ఇంకా లాగుతాదంటున్నాడు. ఏది కొనాలి?
– ఒక గృహిణి, సాయినగర్, అనంతపురం

జవాబు: అమ్మా, కొనే ముందు ఆ దగ్గు సంగతి చూద్దాం. బెల్టు లాగినప్పుడే బాతులాగా దగ్గు వస్తే గాలిగొట్టం మీద ఒత్తిడి పడుతోందని. పగ్, పామరేనియన్ లాంటి చిన్న జాతుల్లో కొన్నిటికి గాలిగొట్టం ఉంగరాలు మెత్తబడి నొక్కుకుపోతాయి. పైగా పగ్‌కు ముక్కు పొట్టి, గొంతులో కండ ఎక్కువ, ఊపిరి పీల్చడమే దానికి ఒక పని. బెల్టు మార్చినాక కూడా దగ్గు ఉంటే, నాలుక నీలంగా మారితే, బెల్టు గురించి ఆలోచించకుండా డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. ఇంకోమాట, కోపగించుకోవద్దు: పగ్ మామూలుగా 6 నుంచి 8 కిలోలు ఉంటాది. మీ బుజ్జి 11. నెయ్యి అన్నం ఎవరు పెడుతున్నారో మీ ఇంట్లో విచారించండి.

పగ్‌కు మెడ బెల్టు వద్దనడానికి ఇంకో రెండు కారణాలున్నాయి. దాని మెడా తలా ఇంచుమించు ఒకే లావు, వెనక్కి ఒక్క గుంజు గుంజిందంటే బెల్టు చేతిలో, కుక్క రోడ్డు మీద. రెండోది కండ్లు. మెడను బిగించి లాగితే కంట్లో ఒత్తిడి పెరుగుతాది. పగ్ కండ్లు గుంటల్లో లోతుగా ఉండవు, పైకే ఉంటాయి. మెడ పట్టుకుని గట్టిగా గుంజినందుకే గుడ్డు బయటికి వచ్చిన పగ్‌లు ఉన్నాయి. మూతికి తగిలించే హెడ్ హాల్టర్ కూడా దీనికి పనికిరాదు, తగిలించడానికి మూతి ఏది?

ఇక మూడు రకాల్లో ఏది? ధర చీటీ పక్కన పెట్టి, బెల్టును బల్ల మీద పరచమనండి. ముందు వైపు చూడండి. కొన్నిటికి రొమ్ము మీదుగా ఒక పట్టీ అడ్డంగా ఈ భుజం నుంచి ఆ భుజానికి పోతాది. కొన్నిటికి మెడ రెండు పక్కల నుంచి దిగిన పట్టీలు రొమ్ము ఎముక మీద కలిసి, ముందుకాళ్ళ నడుమ నుంచి పొట్ట పట్టీకి పోతాయి, ఇంగ్లీషు వై అక్షరం మాదిరి. రెండోదే తీసుకోండి. అడ్డపట్టీ సరిగ్గా భుజం కీలు మీద కూర్చుంటాది. బడిపిల్లోడి సంచి పట్టీ భుజం దాటి జబ్బ మీదికి జారితే వాడు చెయ్యి ఎత్తలేక ఎట్లా నడుస్తాడో చూసే ఉంటారు, కుక్కదీ అదే అవస్థ. వై పట్టీ అయినా భుజాన్ని కొంచెమన్నా పట్టకపోదు, కానీ బరువు రొమ్ము ఎముక మీద పడుతాది. ఎముక మోస్తాది, గొంతు మోయలేదు.

కొలతలు షాపువాడికి "పగ్ సైజు" అని చెప్పి తెచ్చుకోవద్దు. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ స్మాల్‌తో సమానం. టైలరు టేపు తీసుకుని బుజ్జిని నిలబెట్టి (కూర్చుంటే కొలత తప్పుతాది) రెండు చోట్ల కొలవండి. మెడ మొదట్లో, అంటే భుజాలకు కలిసే చోట ఒకటి. ముందుకాళ్ళ వెనక, పక్కటెముకలు ఎక్కడ ఎక్కువ లావుగా ఉంటే అక్కడ రొమ్ము చుట్టూ ఇంకొకటి. రెండూ కాగితం మీద రాసుకుని, పెట్టె మీది పట్టికతో సరిచూడండి. బరువును బట్టి సైజు చెప్పే పెట్టెను నమ్మొద్దు: 11 కిలోల పగ్, 11 కిలోల ఊరకుక్క ఒక బెల్టులో పట్టవు.

తొడిగినాక పట్టీకి, ఒంటికి నడుమ రెండు వేళ్ళు అడ్డంగా దూరాలి. రెండు దూరకపోతే బిగుతు, అరచెయ్యి దూరితే వదులు. పొట్ట పట్టీ చంకను ఆనుకోకూడదు, చంక నుంచి కనీసం రెండు వేళ్ళు వెనక్కి ఉండాలి. అన్ని పుండ్లూ అక్కడే పుడతాయి. షాపులోనే తొడిగి నాలుగు అడుగులు నడిపించండి. కుక్కను లోపలికి రానివ్వనంటే, వెనక్కి తీసుకుంటావా అని ముందే అడిగి కొనండి. పక్కల రెండు బకిల్స్ ఉండేదయితే కాలు ఎత్తి దూర్చే పనిలేదు. పొట్టి కాళ్ళ పగ్‌కు అది చాలా నయం.

ఆ 1500 జాకెట్టు మాత్రం వద్దు. అది చలి ఊర్లకు. మే నెలలో మన అనంతపురంలో ఎండ 42 దాటుతాది, కుక్కకు ఒంటి మీద చెమట పట్టదు, నాలుక చాచి రొప్పడమే దానికి ఫ్యాను. మీరు దాని రొమ్ముకు దుప్పటి చుట్టినట్లవుతాది. పలచగా, గాలి ఆడే జల్లెడ గుడ్డతో కుట్టింది దొరికితే సరి. ఎండాకాలంలో పొద్దున 7 లోపల, సాయంత్రం రోడ్డు చల్లారినాక తిప్పండి. అరచెయ్యి వెనక వైపు తారు మీద ఆనించి ఏడు లెక్కబెట్టేదాకా ఉంచలేకపోతే దాని కాళ్ళు కూడా ఉండలేవు.

మీ అబ్బాయి చెప్పింది సగం నిజం. ఆ సగం కింది జాబులో ఉంది, చదవమనండి.

ప్రశ్న: సార్, మాది కర్నూలు, సి క్యాంపు. లాబ్రడార్, ఎనిమిది నెలలది, 27 కిలోలు. నాయన పొద్దున్నే తిప్పుతాడు. పోయిన వారం పిల్లిని చూసి గుంజితే నాయన బోర్లా పడి మోకాలు చీరుకుపోయింది. బాడీ బెల్టు వేసినాం, ఇంకా ఎక్కువైంది. గుంజితే మెడకు బిగిసే చోక్ చెయిన్ గానీ లోపల ముండ్లుండే బెల్టు గానీ వేస్తే రెండు రోజుల్లో దారికొస్తాదని తెలిసినాయన చెప్తున్నాడు. వేయమంటారా?

జవాబు: వేయొద్దు. రెండు రోజుల్లో దారికొచ్చేది నొప్పికి భయపడి. ఆ నొప్పి అప్పుడు ముందర కనబడిన పిల్లి వల్లనో, పక్కింటి పిల్లోడి వల్లనో వచ్చిందని అది అనుకుందంటే, రేపు వాళ్ళ మీదికి పోతాది. అప్పుడు మీరు ఇంకో జాబు రాయాల్సి వస్తాది.

మీ బాడీ బెల్టుకు కొక్కెం తగిలించే రింగు ఎక్కడుంది? వీపు మీద ఉంటాది, పందెం కాస్తా. మంచు దేశాల్లో కుక్కలతో బండ్లు లాగిస్తారే, వాటికీ పట్టీ రొమ్ముకే, తాడు వెనక్కే. బరువు రొమ్ము మీద పరుచుకుంటాది, గొంతు నొయ్యదు, హాయిగా వంగి లాగొచ్చు. అంటే మీరు మీ లాబ్రడార్‌ను బండలాగుడు పోటీకి సిద్ధం చేసి, బండ స్థానంలో నాయనను కట్టినారు.

రొమ్ము మీద, ముందర కూడా ఒక రింగు ఉండే బెల్టు తెచ్చుకోండి. తాడు అక్కడ తగిలిస్తే కుక్క ముందుకు గుంజినప్పుడు దాని రొమ్మే పక్కకు తిరుగుతాది, మొహం మీ వైపుకు వస్తాది. ముందుకు పోవాల్సిన బలం తిరగడంలో ఖర్చయిపోతాది. రెండు కొసల్లోనూ కొక్కెం ఉండే తాడు దొరుకుతాది; ఒక కొస ముందు రింగుకు, ఒకటి వీపు రింగుకు తగిలిస్తే ఇంకా మేలు. తాడు ఐదారు అడుగులు చాలు. గుండ్రంగా చుట్టుకుని సాగే తాళ్ళు మన వీధులకు పనికిరావు. అది పదిహేను అడుగుల దూరంలో ఉన్నప్పుడు ఊరకుక్క వచ్చినా ఆటో వచ్చినా మీ చేతిలో ఉండేది ఉత్త ప్లాస్టిక్ డబ్బా.

బెల్టు ఒక్కటే నేర్పదు, మీరు నేర్పాల. తాడు బిగిసిన క్షణం నాయనను రాయిలాగా నిలబడమనండి. తిట్టకూడదు, వెనక్కి గుంజకూడదు. కుక్క తిరిగి చూసి తాడు వదులైన క్షణం "బాగుంది" అని నడవాల. మొదటి వారం మీ వీధి మలుపు కూడా దాటరు, తుంగభద్ర ఒడ్డు సంగతి మరిచిపోండి. రెండో వారానికి దానికి లెక్క తెలుస్తాది: బిగిస్తే ఆగుతాది, వదులైతే సాగుతాది. జేబులో ఉడికించిన కోడిగుడ్డు ముక్కలు పెట్టుకోండి. బొరుగులతో చేసే ఉగ్గాని మాత్రం పెట్టొద్దు. మన ఊర్లలో పొద్దున షికారు ఉగ్గాని బండి దగ్గరే ఆగుతాది, ఒక పిడికెడు కుక్కకూ పడుతాది, నేను చూసినా. అందులో ఉల్లిపాయ ఉంటాది. ఉల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను పగలగొడుతాది.

నాయనకు ముఖ్యమైన మాట: తాడును మణికట్టుకు చుట్టుకోవద్దు. పట్టు కుదిరినట్లే ఉంటాది, కానీ కుక్క పరిగెత్తితే చెయ్యి వదిలించుకునే వీలుండదు. మోకాలు చీరుకుపోయింది కాబట్టి సరిపోయింది, మణికట్టు విరిగుంటే ఆర్నెల్లు. కుక్క కుదురుకునేదాకా మీరే తిప్పండి, నాయన పక్కన నడుస్తాడు.

ఎనిమిది నెలల పిల్ల ఇంకా పెరుగుతాది. ఇప్పుడే ఖరీదైంది కొనొద్దు. పట్టీలు సాగదీసుకునే వీలుండేది తీసుకుని ఆదివారం ఆదివారం రెండు వేళ్ళు పెట్టి చూడండి. పోయిన నెల సరిపోయిందని చూడకుండా వదిలేస్తే చంకలో కోత పడేదాకా తెలీదు.

ప్రశ్న: మేము కడప, ఎర్రముక్కపల్లిలో ఉంటాం. వానలో దొరికిన వీధికుక్క పిల్లను పెంచుకున్నాం, ఇప్పుడు ఏడాదిన్నర. సన్నగా, పొడుగు కాళ్ళతో ఉంటుంది. టపాకాయల శబ్దానికి వణికిపోతుంది. రెండుసార్లు బాడీ బెల్టులోంచే వెనక్కి జారుకుని పారిపోయింది. బిగిస్తే దానికి నొప్పేమో అని భయం.
– ఇంటర్ చదివే అమ్మాయి

జవాబు: తల్లీ, నీ తప్పు కాదు, నాకే జరిగింది. మా చిట్టి కూడా ఊరకుక్కే. ఒక వినాయక చవితి నిమజ్జనం నాడు సప్తగిరి సర్కిల్ దగ్గర డ్రమ్ములు మొదలైనాయి. చిట్టి నిలబడిపోయింది. నేను "రావే" అని ముందుకు గుంజినాను. అది తల వంచి, మోచేతులు దగ్గరికి లాక్కుని, చొక్కా విప్పినట్లు బెల్టు విప్పి నా చేతిలో పెట్టి పోయింది. ఊరంతా స్కూటర్లో వెతికి, చీకటి పడినాక ఇంటికి పోతే, గడప మీద పడుకొని ఉంది. ఇంత రాత్రి దాకా యాడికి పోయినావన్నట్లు నన్నే చూస్తోంది.

ఆ రోజు నేర్చుకున్నది చెప్తా. కుక్క వెనక్కి తగ్గుతుంటే మనం ముందు నుంచి గుంజడమే బెల్టును తల మీదుగా ఒలిచేస్తాది. భయపడి వెనక్కి పోతుంటే నువ్వే రెండడుగులు దాని వైపు పో. తాడు వదులైతే బెల్టు జారదు. చెప్పడం తేలిక, ఆ క్షణంలో చెయ్యి తనంతట తనే గుంజుతాది. ఇంట్లో హాల్లో ఒకటి రెండుసార్లు సాధన చెయ్యి.

రొమ్ము లోతుగా, నడుము సన్నగా, తల చిన్నగా ఉండే కుక్కలకు రెండు పట్టీల బెల్టు చాలదు. వీధికుక్కల్లో చాలా వాటిది ఇదే ఒళ్ళు. ముధోల్ వేటకుక్కలదీ ఇంతే. వీటికి మూడు పట్టీలుండే బెల్టు కావాల: మెడకు ఒకటి, రొమ్ము చుట్టూ ఒకటి, పక్కటెముకలు అయిపోయినాక సన్న నడుము దగ్గర ఒకటి. ఆ మూడోది ముందుకు జరగాలంటే లావుగా ఉండే పక్కటెముకలను దాటాల, దాటలేదు. కాబట్టి దాన్ని బిగించే పని లేదు, రెండు వేళ్ళు దూరేటట్లే పెట్టు. నీ భయం తీరినట్లేనా?

దాంతోపాటు మెత్తటి మెడ బెల్టు కూడా ఉంచు. తాడు బాడీ బెల్టుకే తగిలించి, రెండు కొక్కేలుండే చిన్న పట్టీతో బాడీ బెల్టును మెడ బెల్టుకు కలుపు. ఒకటి జారినా ఇంకోటి పట్టుకుంటాది. మెడ బెల్టుకు మీ నాన్న ఫోన్ నంబరు చెక్కించిన బిళ్ళ తగిలించు. ఏడాదికొకసారి రేబిస్ టీకా తప్పనివ్వొద్దు. పారిపోయే కుక్క వేరే కుక్కలతో కలబడే కుక్క కూడా. టపాకాయలు కాల్చే రోజుల్లో చీకటి పడకముందే తిప్పి తెచ్చేసెయ్యి.

ప్రశ్న: గొలుసుతో మెడకు కట్టేస్తే పాపమని బాడీ బెల్టుకే గొలుసు తగిలించి పగలంతా వరండాలో కట్టేస్తున్నాం. మంచిదే కదా?
– గుంతకల్లు

జవాబు: కాదు. బాడీ బెల్టు బయటికి తిప్పడానికి, ఇంటికి రాగానే విప్పేయాల. పడుకుని లేచి గోక్కునే కుక్కకు పట్టీ రోజంతా రాస్తానే ఉంటాది. గొలుసు కాలికి చుట్టుకుంటాది, ఊరకే ఉన్న కుక్క పట్టీ కొరికి మింగుతాది. పట్టీ కింద గాలి ఆడదు కాబట్టి పిడుదులు అక్కడే చేరుతాయి, పిడుదుల జ్వరం తెస్తాయి.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. బళ్ళారిలో పెండ్లికి నాలుగు రోజులు పోతూ చిట్టిని పక్కింటి పిల్లోడికి అప్పజెప్పినాను. బెల్టు విప్పమని చెప్పలేదు, వాడు విప్పలేదు. మధ్యలో దానికి స్నానం కూడా చేయించినాడంట, బెల్టుతోనే. తిరిగొచ్చేసరికి రెండు చంకలూ ఎర్రగా ఒలిచిపోయి, తడికి వాసన. ముప్పై ఏండ్లు ఎద్దుల కాడి పుండ్లకు రైతులను తిట్టినవాణ్ణి. మా ఇంటామె ఏమీ అనలేదు, ఆ మాట మాత్రం గుర్తు చేసింది.

కట్టేసి పెట్టడం గురించి 1960 నాటి జంతు హింస నిరోధక చట్టమే చెప్తుంది. మరీ పొట్టి, మరీ బరువు గొలుసుతో ఎక్కువసేపు కట్టేయడం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను సరిగా తిప్పకపోవడం, రెండూ 11వ సెక్షన్ కింద నేరాలే. వరండాకు చిన్న గేటు పెట్టించండి, గొలుసు అవసరమే ఉండదు.

ప్రశ్న: మా స్పిట్జ్‌ను స్కూటీ ముందర నిలబెట్టి బెల్టును హ్యాండిల్‌కు కట్టి తీసుకుపోతా. బాడీ బెల్టు అయితే సేఫేనా అన్నా?
– తాడిపత్రి

జవాబు: కాదు నాయనా. అది దూకితే మెడ బెల్టయితే ఉరి, బాడీ బెల్టయితే చక్రం పక్కన వేలాడుతూ ఈడ్చుకుపోవడం, హ్యాండిల్ తిరిగితే నువ్వూ కింద. ఆటోలో ఒళ్ళో పెట్టుకుని పో. కారయితే వెనక సీట్లో సీటు బెల్టుకు తగిలించే చిన్న పట్టీని బాడీ బెల్టు వీపు రింగుకు వెయ్యి, మెడ బెల్టుకు ఎప్పుడూ వద్దు.

ప్రశ్న: మా జర్మన్ షెపర్డ్‌కు పదకొండేండ్లు. వెనక కాళ్ళు తడబడుతున్నాయి, లేవలేదు. లేపడానికి బాడీ బెల్టు పట్టుకుని ఎత్తుతున్నాం, అరుస్తున్నాడు. వేరే బెల్టు ఏమైనా ఉందా?
– కర్నూలు పాతబస్తీ

జవాబు: బాడీ బెల్టుతో ఎత్తితే ముందువైపే లేస్తాది, నొప్పుండేది వెనక. వెనక కాళ్ళకు వేరేగా ఎత్తు పట్టీలు దొరుకుతాయి, కానీ వాటికోసం ఆగకండి. ఒక పెద్ద టవల్‌ను పొడుగ్గా నాలుగు మడతలు వేసి, వెనక కాళ్ళకు కొంచెం ముందర పొట్ట కింద నుంచి తీసి, రెండు కొసలూ వీపు మీద పట్టుకోండి. ఎత్తొద్దు, బరువు పంచుకోండి అంతే. అడుగులు వాడే వేస్తాడు. మగకుక్క కాబట్టి టవల్ మూత్రం పోసే చోటును నొక్కకుండా చూడండి. ఒంటేలుకు పోయేటప్పుడు వెనక్కి జరపండి.

ఇంట్లో బేతంచర్ల బండలా? పాలిష్ పట్టినవైతే సగం బాధ అదే. ముసలి కుక్కకు ఆ నేల మీద కాలు నిలవదు. పడుకునే చోటు నుంచి నీళ్ళ గిన్నె దాకా, గిన్నె నుంచి గడప దాకా రబ్బరు చాపలు పరవండి. గోనెసంచులైనా సరే, జారకుండా కొసలు అంటించండి. పాదాల వేళ్ళ నడుమ వెంట్రుకలు కత్తిరించండి. తుంటికీళ్ళదా, వెన్నుదా, ఒకసారి ఎక్స్‌రే తీయించి తెలుసుకోండి. కీళ్ళ నొప్పికి మందులున్నాయి. మనుషులు వేసుకునే నొప్పి మాత్రలు మాత్రం ఇవ్వొద్దు, కడుపులో పుండ్లు పడి చచ్చిపోతాయి.

ప్రశ్న: నమస్తే సార్. నేను ప్రొద్దుటూరులో సంచులు, బ్యాగులు కుడతాను. పక్కింటి వాళ్ళకు ఆన్‌లైన్లో తెప్పించిన బెల్టు సరిపోక వాళ్ళ పగ్‌కు నన్నే కుట్టివ్వమంటున్నారు. కుట్టొచ్చా? ఏ పట్టీ వాడాల?

జవాబు: కుట్టొచ్చు. ఈ నెల జాబులన్నిటిలో నాకు ఎక్కువ నచ్చింది మీదే. ఎద్దుకు కాడిని ఆ ఊరి వడ్రంగే దాని మెడ చూసి చెక్కేవాడు. కంపెనీ సైజుల్లో రాలేదు.

బ్యాగు పట్టీకి వాడే నైలాన్ తీసుకోండి. పగ్‌కు ముప్పావు అంగుళం వెడల్పు, లాబ్రడార్ లాంటి వాటికి ఒక అంగుళం. చవక ప్లాస్టిక్ పట్టీ వద్దు, దాని అంచు రంపం మాదిరి కోస్తాది. వేలితో అంచు వెంబడి గట్టిగా గీసి చూడండి. మీ వేలికి గరుకు తగిలిందంటే చంక చర్మానికి ఆగదు. కోసిన కొసలను మంటతో మూసి, ఆ గట్టి కొస లోపలికి రాకుండా మడవండి. చంక వెనక పోయే పట్టీకి లోపల మెత్తని గుడ్డ వేయండి, కుట్టు ముడి మాత్రం ఒంటి వైపు రానివ్వొద్దు.

రింగు దగ్గర కుట్టే ప్రాణం. చదరంగా కుట్టి లోపల ఎక్స్ మాదిరి అడ్డంగా రెండు కుట్లు. మీకు తెలిసిందే, బ్యాగు పిడికి వేసే కుట్టే. దారం నైలాన్‌ది, నూలుది కాదు. డి రింగు అతుకు వేసి మూసిందయి ఉండాల. ఊరికే వంచి చీలిక వదిలేసిన రింగు ఒక గుంజుకు తెరుచుకుంటాది. ప్లాస్టిక్ బకిల్ మీదే మొత్తం బలం పడకుండా, వీపు రింగు నుంచి మెడ పట్టీ, రొమ్ము పట్టీ తెగకుండా పోయేటట్లు కుట్టండి. రొమ్ము మీద కూడా ఒక రింగు పెట్టండి, పైన లాబ్రడార్ జాబులో ఎందుకో రాసినాను. రెండు పక్కలా బకిల్స్, రెండు పక్కలా సాగదీసుకునే క్లిప్పులు. ఒకే పక్క పెడితే కొన్నాళ్ళకు రొమ్ము పట్టీ ఒక వైపుకు జరిగిపోతాది.

కుట్టినాక కుక్క కంటే ముందు బియ్యం మూటకు తొడగండి. 25 కిలోల మూట చాలు. దూలానికి కట్టి పైకి లేపి, మూడు నాలుగుసార్లు జర్కు ఇచ్చి, కుట్లు భూతద్దంతో చూసినట్లు చూడండి. దారం ఒక్క పోగు లేచినా విప్పి మళ్ళీ కుట్టండి. తర్వాత పగ్‌కు తొడిగి ఇంట్లో పది నిమిషాలు, మరునాడు వీధిలో అరగంట. విప్పి చంకల్లో చెయ్యి పెట్టండి. వెంట్రుక ఒక వైపుకు నలిగి పడుకుని ఉందంటే, అక్కడ రేపు పుండు లేచే లోపలే పట్టీ అర అంగుళం వెనక్కి జరపండి.

చివరికి చంక నుంచి పట్టీ ఎంత దూరంలో కుదిరిందో అంగుళాల్లో రాసి పంపండి. పగ్‌కు సరిపడా కుట్టిచ్చేవాళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పమని అడిగే జాబులు ఇప్పటికే నాలుగు నా బల్ల మీద ఉన్నాయి.